షుగరు దిగుతుంటే కళ్ళు ఎందుకు మసకేస్తాయి?

(నవంబరు 14న గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో, పొద్దున నడకకు వచ్చేవాళ్ళ సమావేశంలో ఒక ఆప్టోమెట్రిస్టు చేసిన ప్రసంగం. ఫోన్‌లో రికార్డు చేసినదానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారమండీ. సెక్రటరీగారు అభిమానం కొద్దీ నన్ను డాక్టరుగారన్నారు. నేను డాక్టర్ని కాదు, ఆప్టోమెట్రిస్టుని. కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళని చీకటి గదిలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఆ బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇదా?" అని విసిగిస్తాడే, ఆయన్ని. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో అదే పని. షుగరుకు మందు రాయటం, ఆపటం నా చేతిలో లేవు. అయితే ఆరేళ్ళ నుంచి నాకూ షుగరుంది. కాబట్టి ఆ కుర్చీలో కూర్చున్న అనుభవం కూడా ఉంది.

నవంబరు 14 అనగానే మనకు బాలల దినోత్సవమే గుర్తొస్తుంది. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టింది కూడా ఈ రోజే, 1891లో. అందుకే దీన్ని ప్రపంచ డయాబెటిస్ దినం అంటున్నారు. ఇంతమంది పెద్దల ముందు షుగరు ఎందుకొస్తుంది, అన్నం ఎంత తినాలి లాంటివి నేను చెప్పబోవటం లేదు. నడవమనీ చెప్పను. నడిచే వచ్చారు కదా. నా షాపులో నెలకు ఇద్దరు ముగ్గురి నోట వినే ఒక మాట గురించే చెప్తాను. "షుగరు బాగా ఉన్నన్నాళ్ళూ కళ్ళు బాగానే కనబడ్డాయండీ. మందు మొదలుపెట్టాకే పోయాయి."

మిర్చి యార్డులో గుమస్తా ఒకాయన ఉన్నాడు. యాభై రెండేళ్ళుంటాయి. ఎనిమిదేళ్ళ కింద చత్వారం వస్తే అద్దాలిచ్చింది నేనే. ఒక మార్చి నెలలో, యార్డు టిక్కీలతో, అదే మిర్చి బస్తాలతో, నిండిపోయే రోజుల్లో, షాపులోకొచ్చి నవ్వుతూ నిలబడ్డాడు. "మీ కళ్ళజోడుతో ఇక పనిలేదండీ. తక్‌పట్టీలు ఉత్త కళ్ళతోనే రాసేస్తున్నా. చత్వారం పోయింది" అన్నాడు. తక్‌పట్టీ అంటే యార్డులో సరుకు లెక్క రాసిచ్చే చీటీ.

చత్వారం పోవటమేంటండీ? నెరిసిన జుట్టు దానంతటదే నల్లబడిందంటే నమ్ముతామా? "మరి దూరం ఎలా ఉంది?" అనడిగాను. "దూరం కాస్త మసకే. బస్టాండులో బస్సు మీదికొచ్చేదాకా బోర్డు విజయవాడో చీరాలో తెలియట్లేదు" అన్నాడు. రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నావంటే, నాలుగైదుసార్లన్నాడు. దాహం? "మిర్చి ఘాటు కదండీ, నోరెండిపోతుంది" అన్నాడు. ఆ సాయంత్రమే రక్తపరీక్షకు పంపాను. తిన్నాక షుగరు 412.

డాక్టరుగారు వెంటనే ఇన్సులిన్ మొదలుపెట్టారు. మనిషి బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. పది రోజుల్లో 412 కాస్తా 160కి దిగింది. పన్నెండో రోజున మళ్ళీ నా షాపుకొచ్చాడు, ఈసారి నవ్వు లేదు. జేబులోంచి తక్‌పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియట్లేదు. అంకెలన్నీ వానలో తడిసిన సిరాలాగా అలుక్కుపోయి కనబడుతున్నాయట. పాత చత్వారం అద్దాలు పెట్టుకున్నా అంతే. "మా తోడల్లుడు ముందే చెప్పాడండీ, సూది మొదలుపెడితే కళ్ళు పోతాయని. నేనే వినలేదు" అన్నాడు. ఆ రోజు పొద్దున సూది మానేసి మరీ వచ్చాడు.

అద్దాలు వేసి చూశాను. ఆయనకు దూరానికి ఏనాడూ సైటు లేదు. అలాంటిది రెండు కళ్ళకూ ప్లస్ ఒకటిన్నర వేస్తే తప్ప చార్టులో చివరి వరస చదవలేకపోయాడు. అద్దం వేయగానే మాత్రం టకటకా చదివేశాడు. నాకు ధైర్యం వచ్చింది అక్కడే. అద్దం వేస్తే పూర్తిగా కనబడిందంటే ఆ మసకకు కారణం చాలావరకు లెన్సు.

లోపల జరిగేది చెప్తాను. కంటిపాప వెనక చిక్కుడు గింజంత లెన్సు ఒకటుంటుంది, అద్దంలాగా తేటగా. దాంట్లో రక్తనాళాలు ఉండవు. చుట్టూ ఉండే నీటి నుంచే దానికి తిండి. రక్తంలో చక్కెర పెరిగితే ఆ నీటిలోనూ పెరుగుతుంది. అక్కణ్ణుంచి లెన్సులోకి పోతుంది. పోవటానికి ఇన్సులిన్ అనుమతి కూడా అక్కర్లేదు. అలా ఎక్కువైన చక్కెరలో కొంత లోపల సార్బిటాల్ అనే పదార్థంగా మారుతుంది. దాని చిక్కేమిటంటే, తొందరగా బయటికి రాదు. అల్లుడిలాగా, వస్తే పది రోజులుంటుంది. (నవ్వులు)

మాగాయ పెట్టే ఇల్లాళ్ళకు మిగతాది నేను చెప్పక్కర్లేదు. ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట దిగుతుంది. ఆ నీళ్ళు ఎక్కడివి? ముక్కలోవే. బయట ఉప్పు చిక్కగా ఉంది కాబట్టి లోపలి నీళ్ళు బయటికొచ్చాయి. నీళ్ళెప్పుడూ చిక్కగా ఉన్నవైపుకే పోతాయి. లెన్సులో ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. నెలల తరబడి షుగరు ఎక్కువున్నప్పుడు బయటా చిక్కనే, లోపలా చిక్కనే. కన్ను ఆ స్థితికి సర్దుకుని ఉంటుంది. చాలామందికి చూపు మైనస్ వైపు జరుగుతుంది. దగ్గరిది బాగా కనబడి దూరం మసకేస్తుంది. మన గుమస్తాగారి చత్వారం పోయింది అందుకే. ఇప్పుడు మందు పడింది. నాలుగు రోజుల్లో బయట పల్చబడింది. లోపలి సార్బిటాల్ మాత్రం కదల్లేదు. నీళ్ళు లోపలికి పోతాయి, లెన్సు వెలుతురుని వంచే తీరు మారిపోతుంది, చూపు ప్లస్ వైపుకు జరుగుతుంది. అప్పుడు దగ్గరిదీ అలుక్కుపోతుంది, కొందరికి దూరం కూడా. ఎంత ఎక్కువ నుంచి ఎంత తొందరగా దిగితే మార్పు అంత ఎక్కువ.

అంటే ఆ మసక మందు పనిచేయటం వల్ల వచ్చింది. మందు పడక వచ్చింది కాదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదండీ. ఇన్సులిన్ మొట్టమొదట ఒక మనిషికి ఇచ్చింది 1922లో. 1925కల్లా డ్యూక్-ఎల్డర్ అనే ఇంగ్లండు కంటి వైద్యుడు షుగరు రోగుల్లో ఈ సైటు మార్పుల గురించి వ్యాసం రాసేశాడు. వందేళ్ళయింది. తోడల్లుళ్ళ దాకా ఇంకా రాలేదు.

నేనేదో పుట్టుకతో తెలిసినవాడిలా చెప్తున్నాను గానీ, షాపు పెట్టిన కొత్తలో నేను చేసిన నిర్వాకం వినండి. ఒక టీచరమ్మగారు వచ్చారు. కాంపోజిషన్ పుస్తకాలు దిద్దలేకపోతున్నానన్నారు. టెస్టు చేశాను, ప్లస్ వచ్చింది, దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో కనబడే ఖరీదైన ప్రోగ్రెసివ్ అద్దాలు అంటగట్టాను. షుగరుందా అని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. నెల తిరక్కుండా వచ్చి "ఇవి పెట్టుకుంటే తల తిరుగుతోంది బాబూ" అన్నారు. మళ్ళీ టెస్టు చేస్తే నంబరు తగ్గింది. నా టెస్టే తప్పయిందనుకుని సగం ధరకు మళ్ళీ చేసిచ్చాను. ఇంకో నెలకి అవీ పనికిరాలేదు. అప్పుడు మాటల్లో చెప్పారు, రెండు నెలల కింద షుగరు బయటపడిందనీ, మాత్రలు వాడుతున్నాననీ. ఆవిడ అసలు సైటు ఎక్కడిదక్కడే ఉంది, వచ్చిన రోజు చేతిసంచిలో ఉన్న పాత కళ్ళజోడే సరిపోయింది. రెండు జతల డబ్బులు, నా పరువు, రెండూ పోయాయి. ఆవిడ మళ్ళీ మా షాపు మెట్టెక్కలేదు. అప్పట్నుంచి కార్డు మీద పేరు రాయగానే నేను అడిగే మొదటి ప్రశ్న, షుగరుందా, ఈ మధ్య మందేమైనా మార్చారా అని.

మీరు కూడా గుర్తుపెట్టుకోండి. షుగరు కొత్తగా బయటపడినా, మాత్రల నుంచి ఇన్సులిన్‌కి మారినా, కళ్ళజోడు కొనటానికి తొందరపడకండి. మసక సాధారణంగా మొదటి వారం పది రోజుల్లో మొదలవుతుంది, ఒకటి రెండు వారాలు ఎక్కువగా ఉంటుంది, ఆపైన నెల, నెలన్నరలో సర్దుకుంటుంది. కొందరికి మూడు నెలలు పట్టొచ్చు. షుగరు కొన్ని వారాలపాటు ఒకే తీరుగా నిలబడ్డాక టెస్టు చేయించుకుంటే ఆ నంబరు నిలుస్తుంది. కళ్ళజోళ్ళు అమ్మేవాణ్ణి నేనే కొనొద్దంటున్నాను, నమ్మండి.

ఈలోగా ఎలా? ఫుట్‌పాత్ మీద నూట యాభైకి దొరికే రెడీమేడ్ చత్వారం అద్దాలు చాలు. గుమస్తాగారికి అవే ఇప్పించాను. మాటవరసకు చీప్ అంటాం గానీ రెండు నెలల అవసరానికి అంతకంటే మంచి వస్తువు లేదు. రాత్రిపూట బండి నడపటం మానుకోండి.

ఈ రోజుల్లో నన్ను నిజంగా భయపెట్టేది చదవటం కాదండీ, ఇన్సులిన్ సిరంజి. కళ్ళు మసకేసిన మొదటి వారంలోనే సూది కొత్తగా నేర్చుకుంటున్న మనిషి, ఆ సన్నటి గీతలు చూసి మందు లాగాలి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు. మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. సిరంజిలు కూడా అలాగే, ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. మసక కళ్ళకు ఎరుపేదో నారింజేదో ఏం తెలుస్తుంది? వందది సీసా తీసుకుని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది ఇరవై యూనిట్లు కాదు, యాభై. ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి కళ్ళు తేటపడేదాకా మనవడో మనవరాలో పక్కన నిలబడి గీత చూసి చెప్పాలి. సీసా మీద 40 ఉందో 100 ఉందో పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి. టకటకమని శబ్దం వచ్చే ఇన్సులిన్ పెన్ను వాడేవాళ్ళు కూడా క్లిక్కులు లెక్కపెట్టటంతో ఊరుకోకుండా అంకె ఎవరిచేతైనా చదివించుకోండి.

కార్తీకమాసం కాబట్టి ఇంకో మసక గురించి కూడా చెప్పాలి. సోమవారం ఉపవాసముండి, నక్షత్రం చూశాక తింటాం. ఉపవాసం ఉన్నామని మాత్ర మానం. అలా పొద్దున మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే ఆకాశంలో చుక్క పొడిచేలోగా కళ్ళ ముందు చుక్కలు పొడుస్తాయి. చెమట, వణుకు, గుండెదడ, చూపు మసక, ఇవన్నీ కలిసి వస్తే షుగరు 70 కంటే కింద ఉండొచ్చు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగితే పావుగంటలో తేరుకుంటారు. తేరుకోకపోతే మళ్ళీ తాగాలి. శివుడికి ఇందులో అభ్యంతరం ఉండదు. ఉపవాసం ఉండాలనుకుంటే మాత్రల సంగతి ముందే డాక్టర్ని అడగండి.

ఇంతవరకూ చెప్పింది లెన్సు గురించి. దానంతటదే తగ్గేది. కంటి వెనక గోడకు రెటీనా అనే పొర ఉంటుంది, వెలుతురు పడి బొమ్మ ఏర్పడేది అక్కడ. షుగరు ఏళ్ళ తరబడి పాడుచేసేది ఆ పొరలోని సన్నటి రక్తనాళాల్ని. అవి ఉబ్బుతాయి, కారతాయి, మూసుకుపోతాయి. ఇదంతా జరుగుతున్నా మొదట్లో చూపు ఏమాత్రం తగ్గదు. నొప్పీ ఉండదు. నా చార్టులో చివరి వరస గడగడా చదివి, కాలర్ ఎగరేసి వెళ్ళిన మనుషుల రెటీనాలో రక్తపు మరకలున్నాయని తర్వాత డాక్టరు చెప్పగా విన్నాను. దేశంలో షుగరున్న నలభై దాటినవాళ్ళని పెద్దయెత్తున పరీక్షించి 2022లో లెక్క ప్రకటించారు. ఎనిమిదిమందిలో ఒకరికి రెటీనాలో ఎంతో కొంత దెబ్బ ఉంది. ఈ వరసలో కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టుకోండి.

షుగరు దించటానికీ దీనికీ ఒక మెలిక ఉంది. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా టైప్ 1 షుగరున్న, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవటమే ఆగిపోయిన, 1441 మందిని చూశారు. సగంమందికి మామూలు వైద్యం, సగంమందికి షుగరు గట్టిగా అదుపులో పెట్టే వైద్యం. మొదటి ఏడాదిలో ఏమైందంటే, గట్టిగా అదుపు చేసినవాళ్ళలోనే రెటీనా కొంచెం ఎక్కువమందికి దెబ్బతింది. వందకు 13 మందికి, మామూలు వైద్యంలో ఏడెనిమిది మందికి. ఇక్కడే చదవటం ఆపేస్తే తోడల్లుడు చెప్పిందే నిజమనిపిస్తుంది. ఆపకండి. ఏళ్ళు గడిచేకొద్దీ త్రాసు తిరగబడింది. మొదట్లో రెటీనా బాగున్నవాళ్ళలో ఆ జబ్బు వచ్చే అవకాశం గట్టి అదుపు వల్ల 76 శాతం తగ్గింది. మొదటి ఏడాది కాస్త దెబ్బతిన్నవాళ్ళు కూడా చివరికి మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళ కంటే మెరుగ్గానే మిగిలారు.

ఈ మధ్య బరువు తగ్గటానికి కూడా వారానికోసారి వేసుకుంటున్నారే, సెమాగ్లుటైడ్ అనే షుగరు సూది, దాని మీద 2016లో వచ్చిన పరీక్షలో కూడా ఇలాంటిదే కనబడింది. రెటీనా ఇబ్బందులు సూది తీసుకున్నవాళ్ళలో 3 శాతం, తీసుకోనివాళ్ళలో 1.8 శాతం. అలా ఇబ్బందిపడ్డవాళ్ళలో ఎక్కువమందికి అంతకుముందే రెటీనా జబ్బుంది.

కాబట్టి పదేళ్ళుగా షుగరును గాలికొదిలేసి, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పదకొండో పన్నెండో ఉండి, ఇప్పుడు బుద్ధొచ్చి దించుకుందామనుకునేవాళ్ళు ముందుగా రెటీనా చూపించుకోండి. దించవద్దని కాదు. రెటీనాలో ఏముందో తెలిస్తే షుగరు డాక్టరుకీ కంటి డాక్టరుకీ పని సులువవుతుంది, మధ్యలో రెండు మూడుసార్లు ఎక్కువ చూస్తారు, అవసరమైతే లేజరో కంట్లో ఇంజక్షనో సమయానికి చేస్తారు. మనలో ఎక్కువమందికుండే టైప్ 2 షుగరు అని తెలిసిన రోజే ఒకసారి రెటీనా చూపించుకోవాలి, తర్వాత ఏడాదికోసారి. ఎందుకంటే బయటపడ్డ రోజున వచ్చిన జబ్బు కాదది, ఎన్నాళ్ళ నుంచి లోపలుందో ఎవరికీ తెలియదు.

ఇక అడగండి.

(సభలో ఒకరు: మసకేసినప్పుడు అది లెన్సుదో రెటీనాదో ఇంట్లో తెలుసుకోవటం ఎలాగండీ?)

మంచి ప్రశ్న మాస్టారూ. శుభలేఖ ఒకటి తీసుకోండి, ఈ సీజన్లో అందరిళ్ళలోనూ ఉంటాయి. మందపు అట్ట కదా, పిన్నీసుతో మధ్యలో చిన్న చిల్లు పొడవండి. ఒక కన్ను మూసి, రెండోదానితో ఆ చిల్లులోంచి గోడ మీది క్యాలెండరు చూడండి. తిథి, నక్షత్రం రాసిన చిన్న అక్షరాలు మామూలుగా చూసినదానికంటే తేటగా కనబడితే అది చాలావరకు సైటు మసక. చిల్లులోంచి చూసినా తేడా లేకపోతే వెనకాల ఏదో ఉందేమోనని అనుమానించాలి. శుక్లం కూడా కావచ్చు. ఇది ఇంటి చిట్కానే, పరీక్షకు బదులు కాదు. ఒక్కో కన్ను విడివిడిగా చూసుకోవటం ముఖ్యం. రెండు కళ్ళూ తెరిచి ఉంచితే మంచి కన్ను చెడ్డ కన్ను తప్పును కప్పిపుచ్చుతుంది. షుగరు దిగటం వల్ల వచ్చే మసక రెండు కళ్ళకూ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక్క కంటికే వచ్చినా, దోమలు తిరుగుతున్నట్టో సాలెగూడు వేలాడుతున్నట్టో నల్లగా ఒక్కసారిగా మొదలైనా, తెర దిగినట్టున్నా, గుమ్మం గీత వంకరగా కనబడినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా వారం ఆగి చూద్దామనుకోకండి. ఆ రోజే వెళ్ళండి.

(ఇంకొకరు: గుమస్తాగారు ఏమయ్యారు?)

సూది ఆ పూటే వేసుకున్నాడండీ, నా ఎదుటే డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగి. ఏడు వారాలకు పాత చత్వారం అద్దాలు మళ్ళీ సరిపోయాయి. ఫుట్‌పాత్ అద్దాలు తోడల్లుడికిచ్చాడట. ఆయనకి కూడా ఈ మధ్య దగ్గరిది కనబడట్లేదని. షుగరు చూపించుకోమని చెప్పమన్నాను.

(ఒక మహిళ: మావారికి పన్నెండేళ్ళుగా షుగరండీ. నాకు బ్రహ్మాండంగా కనబడుతోంది, కంటి డాక్టరెందుకు అంటారు.)

అమ్మా, నేను మొదట పంపించేది ఆయన్నే. అక్కడ చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేస్తారు, పావుగంట నుంచి అరగంట పడుతుంది. మంటేస్తుంది, ఒక్క క్షణం. ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరిది కనబడదు, ఎండ చూస్తే కళ్ళు జిగేల్మంటాయి. డాక్టరు లోపలికి లైటు వేసి చూస్తారు, అంతే. పరగడుపున రమ్మనే పరీక్ష కాదిది. టిఫిన్ తిని, మాత్ర వేసుకునే బయల్దేరమనండి. శంకర్ విలాస్ సెంటర్లో ఆ కళ్ళతో స్కూటర్ మాత్రం వద్దు. బండి మీ అబ్బాయిని తీయమనండి.